వెనక గుంట

ఇంకా ఖాళీగానే ఉంది. నీరజ భూతద్దం మీది నుంచి తలెత్తి కళ్ళు నులుముకుంది, మళ్ళీ వంగింది, ఖాళీగానే ఉంది, చిటికెన వేలి కొసంత సీటు, దాని మీద ఆకుపచ్చ దిండు, దిండుకి అటొకటి ఇటొకటి వేలాడుతున్న బెల్టులు. ఎవరో వచ్చి కూర్చుని వాటిని భుజాల మీదుగా తెచ్చి గుండె మీద కట్టుకుంటారన్నట్టు పొద్దున తను విప్పి పెట్టింది, విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. అన్నం తిన్నాక కూడా చూసింది, తిన్నదేమీ లేదులెండి, కంచంలో వేళ్ళు తిప్పి లేచింది, చెయ్యి కడిగిన తడి ఆరక ముందే వచ్చి చూసింది. రాడా? రావాలి కదా. సాయంత్రం లక్ష్మీకాంత్ అన్న వచ్చి ఈ బొమ్మ విమానాన్ని ప్రదర్శనకి తీసుకుపోతాడు, ఆలోగా రెండు గుంటల మీదా గాజుమూతలు అంటించెయ్యాలి, అంటించాక ఇక అందులోకి ఎక్కేవాళ్ళూ ఉండరు, దిగేవాళ్ళూ ఉండరు. సుమన్ వచ్చేదుంటే ఇప్పుడే రావాలి, ఈ కాసేపట్లోనే రావాలి.

ఇవాళ సాంచాలకు సెలవు. సూరత్‌లో, ఈ ఉధ్నా పేటలో మరమగ్గాల్ని మనవాళ్ళు సాంచాలనే అంటారు. వారమంతా ఈ గల్లీలో గోడలు, గిన్నెలు, నోట్లో పళ్ళతో సహా అన్నీ అదురుతూనే ఉంటాయి, ఏ మాటైనా అరిచి చెప్పుకోవాలి, గుసగుసగా చెప్పాల్సినవి మరీ అరిచి చెప్పాలి, పెళ్ళైన కొత్తలో సుమన్ తన చెవి దగ్గర అరిచిన ముచ్చట్లు పక్కింటి ఒడియావాళ్ళకి భాష రాకపోయినా అర్థమై ఉంటాయి, సిగ్గు లేని మనిషి. సెలవు రోజున ఆ హోరు ఆగిపోతుంది. ఆగితే హాయిగా ఉండాలి, కానీ చెవులు ఊరుకోవు, పోయిన చప్పుడు కోసం వెతుక్కుంటాయి, ఏదీ దొరక్కపోతే తమలోంచే ఏదో ఒకటి పుట్టించుకుంటాయి. అందుకే ఇప్పుడు వినిపిస్తున్న ఆ టక్, టక్ నీరజ మొదట పట్టించుకోలేదు. మంచం మీద అత్త పద్మారాణి గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడకి సగం చెవుడు, సాంచాల మధ్య బతికిన ప్రతివాళ్ళకీ వచ్చేదే. ఫ్యాను తిరుగుతోంది, ఫ్యాను గాలికి రేకుల మీద ఆరబెట్టిన చిన్న చిన్న రంగు పుల్లలు కదులుతున్నాయి, ఫ్యానుదేనేమో ఆ చప్పుడు.

కాదు, ఫ్యాను అలా కొట్టదు. పోనీలే. సుమన్ ఉంటే లేచి స్టూలెక్కి చూసేవాడు, ఏ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో చెవి పెట్టి చెప్పగలిగేవాడు, సాంచాలు బాగుచేసే మాస్టర్ కదా, అందరి యంత్రాలకీ వైద్యం చేసి ఇంటికొచ్చి చేతులు కిరసనాయిలుతో కడుక్కుని ఈ బల్ల ముందు కూర్చునేవాడు, ఈ భూతద్దం ముందే, ఈ కుర్చీలోనే. విమానాల పిచ్చి ఎక్కడంటుకుందో. డుమస్ రోడ్డులో విమానాశ్రయం కంచె పక్కన బండి ఆపి దిగే విమానాల కడుపులు చూపించేవాడు, జొన్నకంకి తింటూ ఆమె వాటిని మాని ఆయన మొహం చూసేది, ఒకసారి ఎక్కిస్తాననేవాడు, హైదరాబాద్ దాకా ఎక్కిస్తా, కిటికీ సీటు నీదే. ఆ కంచె దగ్గరే లక్ష్మీకాంత్ అన్న దొరికాడు, హజీరాలో ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరు, గోదావరి వైపు మనిషి, ఆయనకీ ఇదే పిచ్చి. ఇద్దరు పిచ్చివాళ్ళు కలిస్తే ఇక చెప్పేదేముంది, ఇంట్లో జిగురు వాసన తప్ప పోపు వాసన తెలిసేది కాదు. ఏ విమానానికైనా ముందు కాక్‌పిట్ చెయ్యాలట, దాని ఒంటి రెండు సగాలూ అతకక ముందే పైలట్ కూర్చునే చోటు పూర్తి కావాలట, అతికాక చెయ్యి దూరదు. గడియారాల ముఖాలకి ఒక్కో చుక్క వార్నీషు వేసి అదే గాజు అనేవాడు. సాంచా పడుగులోంచి ఒక్క దారప్పోగు తెంపి, దాన్నీ చీల్చి, సగం పోగుతో వైర్లు లాగేవాడు. ఒక పూటంతా పట్టేది ఒక్క మీటకి, అది మూత కింద ఎవరికీ కనిపించదు కూడా. ఎవలు చూస్తరు అని ఆమె అడిగితే, లోపల కూసునేటోడు చూస్తడు కదే అన్నాడు.

లోపల కూర్చునేవాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటగానే ఉండింది.

గుంట అన్న పేరు మాత్రం అత్త పెట్టింది. ఒకరోజు కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూసి, "ఏందిరా, ఇది మగ్గం గుంట లెక్కనే ఉన్నది" అంది, కాళ్ళ కింద తొక్కే చెక్కలు, చేతికందే పిడి, నడుము దాకా భూమిలో దిగి కూర్చోవడం, అంతా అదే, సిరిసిల్లలో మామ మార్కండేయ అలాంటి గుంటలోనే కూర్చుని చేనేత మగ్గం మీద నేసేవాడట. సుమన్‌కి ఎంత నచ్చిందంటే ఆ రోజు నుంచి కాక్‌పిట్ అనడం మానేశాడు. ఇది ఇద్దరు కూర్చునే విమానం, ఒకరి వెనక ఒకరు, అందుకని ముందు గుంట, వెనక గుంట. అత్తకి ఆ రెండోది ఎందుకో మింగుడు పడలేదు. "ఒక్క మగ్గానికి రెండు గుంటలేందిరా, ఎవలకిరా అది" అని అడుగుతూనే ఉండేది. చెప్తా చెప్తా అనేవాడు. ముందు గుంట పూర్తిచేశాడు, పైలట్ బొమ్మకి హెల్మెట్టు వేసి, గడ్డం మీద తనకున్నట్టే చిన్న గాటు కూడా గీసి, కూర్చోబెట్టి అంటించేశాడు, ఒళ్ళు అతికాడు, పైనుంచి చిమ్టీతో దించుకోవచ్చని వెనక గుంట సామాను మాత్రం పక్కన పెట్టాడు. పోయిన వానల్లో కామ్‌రేజ్ దగ్గర ఎవరిదో సాంచా ఆగిపోయిందంటే బండి మీద బయల్దేరాడు. హైవే మీద లారీ. ఆ తర్వాత చెప్పేవాడే లేడు.

అత్త ఇంకో మాట కూడా చెప్పింది, ఎప్పుడో, ఆయన ఉండగానే, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మామూలుగా చెప్పింది. మగ్గం మనిషి పోతే గుంట చల్లారక ముందే ఇంట్లో ఇంకొకరు దిగి నాలుగు పోగులైనా నెయ్యాలట. ఖాళీగా వదిలితే పోయినవాడే వచ్చి కూర్చుంటాడట. సుమన్ పడీ పడీ నవ్వాడు. నీరజ కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇప్పుడు ఆమె ఆ ఆచారాన్ని తిరగేసి పట్టుకుంది, ఖాళీగా వదిలితే వస్తాడంటే వదులుదాం, రానీ. విమానం ముక్కలతో పాటు పెట్టెలో రెండో పైలట్ బొమ్మ కూడా వచ్చింది, వెనక గుంటలో కూర్చోబెట్టడానికి ఇచ్చిందే, దాన్ని రాళ్ళ డబ్బాలో అడుగున దాచేసింది. లక్ష్మీకాంత్ అన్న మధ్యాహ్నం ఫోన్ చేసి "చెల్లెమ్మా, వెనకాల మనిషిని కూర్చోబెట్టేశావా, కూర్చోబెట్టాకే మూత వెయ్యి" అంటే పెట్టినన్నా అని అబద్ధమాడింది. పూర్తి అబద్ధమేం కాదు, పెట్టినట్టే కదా, చోటు పెట్టింది.

రాళ్ళ డబ్బా అంటే చీరలకి అంటించే మెరుపు రాళ్ళ డబ్బా. సలాబత్‌పురా బజారు నుంచి చీరలు మూటలుగా వస్తాయి, ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని జిగురు చుక్క, రాయి, జిగురు చుక్క, రాయి, అదే పని. ఆవగింజంత రాయిని చిమ్టీతో పట్టి వణక్కుండా పెట్టే చెయ్యి ఆమెది, అందుకే ఆయన పోయాక ఈ వెనక గుంట మిగిలితే ఎవర్నీ అడగలేదు, తనే కూర్చుంది. గడియారాలు అంటించింది, మీటలు అంటించింది, ఆయన చీల్చి పెట్టిన దారాలతోనే వైర్లు లాగింది, నల్లరంగు నీళ్ళగా కలిపి మూలల్లోకి వదిలి పైపైన తుడిచింది, ఆయన చేసేవాడు కదా అలా, తుడిచాక ఎన్నాళ్ళనించో ఎవరో కూర్చుంటున్నట్టు పాతబడింది చోటు. చీరల మూట తలుపు వెనకే పడి ఉంది, ఎప్పటిదో, విప్పనే లేదు. రాళ్ళ పనిలో తోడుండే విజయరాణి రెండుసార్లు వచ్చి పిలిచి వెళ్ళింది. వినిపించలేదా అంటే వినిపించింది, కానీ లేవాలంటే కాళ్ళు రాలేదు, ఈమధ్య అంతే, ఈ కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళ కింద నుంచి తిమ్మిరెక్కి ఎక్కడో లోతుగా దిగిపోయినట్టుంటుంది, పాదాల కింద ఏదో చెక్క ఉన్నట్టు, తొక్కితే కదిలేట్టు. స్నానం చేసేటప్పుడు భుజాల మీద రెండు ఎర్రటి గీతలు కనిపించాయి మొన్న. జాకెట్టు బిగుతైంది అనుకుంది. తిండి లేక జాకెట్లన్నీ వదులైపోయాయని ఆ తర్వాత తోచింది.

టక్, టక్. మధ్యలో ఒక చిన్న జారుడు, మళ్ళీ టక్.

అద్దం చూడాలి. ముందు గుంట పైన, గాజు చట్రానికి మెంతిగింజంత అద్దం ఉంది, ముందున్నవాడు వెనకవాణ్ణి చూసుకోవడానికి. జరీకి వాడే మెరుపు పట్టీ కత్తిరించి చేశాడు సుమన్, సూరత్‌లో ఉండి జరీ వాడకపోతే ఎట్లా అని జోకు. నీరజ భూతద్దాన్ని అటు జరిపింది. అద్దంలో ఎర్రగా ఒక చుక్క. ఇంతకు ముందు లేదే. ఉందేమో, చూడలేదేమో, సుమన్‌ది ఎర్రరంగు చింది ఉంటుంది. పుల్ల చివర దూది చుట్టి థిన్నర్‌లో ముంచి మెల్లిగా తుడిచింది. దూదికి ఏమీ అంటలేదు. చుక్క ఉంది. ఓసి పిచ్చిదానా, నీ బొట్టే అది, ఇంత దగ్గరగా మొహం పెడితే కనిపించదా మరి, అని తన మీద తనకే నవ్వొచ్చి నుదురు తడుముకుంది, వేలికి వట్టి చర్మమే తగిలింది, వానల నుంచి బొట్టు లేదు కదా ఆ నుదుటి మీద. నవ్వు సగంలో ఆగిపోయింది. తల పక్కకి తిప్పితే చుక్క పక్కకి జరిగింది. తల ఎత్తితే పైకి జరిగింది. ఆ అద్దంలో కనిపించేది వెనక గుంటలో ఉన్నవాళ్ళ మొహం, ఆయన చెప్పాడు, అందుకే అది అక్కడుంటుందని.

వెనక గుంట చూడ్డానికి భయమేసింది. ఇన్నాళ్ళుగా ఎదురుచూసింది దీనికోసమేగా, చూడు మరి. చూసింది. దిండు మీద ఎవరూ లేరు. బెల్టులు కట్టి ఉన్నాయి. రెండూ భుజాల మీదుగా వచ్చి మధ్యలో కలిసి, తను జిగురు కూడా పెట్టని కొక్కెంలో బిగుసుకుని ఉన్నాయి, లోపల ఏమీ లేకుండానే ఉబ్బెత్తుగా, ఒక సన్నటి ఆడమనిషి ఒంటి కొలతకి ఉన్నాయి. ఆయన కాదు. ఆయన ఎందుకొస్తాడు వెనక్కి, ఆయన గుంటలో ఆయన ఎప్పుడో కూర్చున్నాడు, గడ్డం మీద గాటుతో సహా. రెండో గుంట ఎవలకిరా అని అత్త అడిగినదానికి జవాబు ఇదే, కిటికీ సీటు నీదే అన్నాడు కదా. ఎంత ఆశగా చేసి ఉంటాడో, ఎంత ప్రేమగా. ఏడుపొచ్చింది ఆమెకి, భయం కంటే ముందు ఏడుపే వచ్చింది, పోనీ ఎక్కేస్తే ఏం, పక్కనే ఉండొచ్చు కదా, ఆయన వీపు చూస్తూ ఉండొచ్చు కదా, మూత పడితే చప్పుడు కూడా వినిపించదు.

"నడుస్తున్నది."

అత్త లేచి మంచం మీద కూర్చుని ఉంది. వారమంతా పక్కన సాంచా పేలినా పట్టని మనిషి, చెవి రిక్కించి బల్ల వైపు చూస్తోంది.

"ఏం నడుస్తున్నది అత్తమ్మా, ఇయ్యాల బంద్ కదా."

"సాంచా గాదే. గా సప్పుడు నాకెరుకే. చేతిమగ్గం నాడె ఆడుతున్నది, పోగు మోసుకొని అటిటు ఉరుకుతున్నది." అత్త గోడ పట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడింది. "ఖాళీగ ఇడిసినవా?"

నీరజ తల ఊపింది. అబద్ధమాడే ఓపిక లేదు.

"నేను గూడ ఇడిసిన." అత్త గొంతు తగ్గించలేదు, ఆవిడకి తగ్గించడం రాదు, ఇంత పెద్ద మాటని కూరగాయలు బేరమాడినట్టే చెప్పింది. "మీ మామ పోయినప్పుడు. ఎవ్వల్ని గుంటల దిగనియ్యలే. రానీ అనుకున్న."

"అచ్చిండా?"

"అచ్చిండు. నాడె ఆడేది, బట్ట ఒక్క పోగు పెరగకపోయేది. నేను పక్కకు కూసొని నూలు కండెలు చుట్టి పెడుతుంటి. పొయ్యి ముట్టియ్యలే. పోరడు ఆకలైతందని మొత్తుకున్నది గూడ ఇనవడలే నాకు."

"మల్ల లేవలేదా మామ?"

"మీ మామ గాదే, నేను లేవలేకపోయిన బిడ్డా. అచ్చి కూసున్నది గుంటల గాదు, నా మీద. మా అన్న గంగారాం రెక్క వట్టి గుంజి, రైలెక్కిచ్చి ఈడ పడేసిండు. జర గుంటల కూసునే పీట వీకేస్తె అయిపోవు. గుంట గుంటనే ఉంటుండె, కూసునే జాగ లేకపోవు. నా చేతులు రాలే." అంటూ ఆవిడ నీరజ భుజం మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తీసి వేళ్ళు చూసుకుంది. "ఏందే, ఏందో కట్టినట్టు తగుల్తున్నది?"

పీట పీకెయ్యాలి. చెయ్యి ఎత్తితే బరువు, చిమ్టీ పట్టుకుంటే వేళ్ళు తనవి కానట్టు ఉంది. సీటు ఇంకా అంటించలేదు, పట్టాల మీద ఊరికే దించి ఉంది. దాని మధ్యలో, కాళ్ళ నడుమ, పసుపు నలుపు చారల చిన్న పిడి ఉంది, అది ఆమే చేసింది, ఆయన చెప్పినట్టే. విమానం కూలేటప్పుడు దాన్ని లాగితే సీటుతో సహా మనిషి పైకి ఎగిరి బతికిపోతాడు. అప్పుడు ఆయన పళ్ళెంలో అటుకులు తింటూ చెప్పిన మాట, ఇన్నాళ్ళూ ఎక్కడ పోయిందో, ఇప్పుడొచ్చింది: "వెనక సీటోళ్లే ముందు పోవాలె, రూల్ అది. ముందటోడు ముందు పోతే వాని సీటు కింది మంటలు వెనకోళ్ల మొకాన్నే కొడ్తయ్." నువ్వే ముందు పోతివి కదరా. రూలు చెప్పిన నోటితోనే, హెల్మెట్టు గూట్లో పెట్టి, చెప్పకుండా పోతివి కదరా, మొకమంతా కాలిపోయింది నాది. వానల నుంచి లోపల్లోపల మండుతున్న కోపం అది, దుఃఖమని పేరు పెట్టి దాచుకుంది, ఇప్పుడు చేతికి పనికొచ్చింది. చిమ్టీ కొనతో ఆ పసుపు పిడి పట్టుకుంది. ముందు గుంటలో ఉన్నవాడి వీపు కదలలేదు. అద్దంలో చుక్క ఆమెనే చూస్తోంది. లాగింది.

సీటు రాలేదు. పట్టాలకి ఏదో పట్టుకున్నట్టు ఆగింది, ఆగినప్పుడు ఆమె భుజాల మీద రెండు పక్కలా కోసినంత నొప్పి, అమ్మా అంది, అత్త వెనక నుంచి రెండు చేతులూ చంకల కింద వేసి పట్టుకుని "గుంజు" అని అరిచింది, సాంచాల మధ్య అరిచే అరుపు అది, గల్లీ అంతా వినిపించి ఉంటుంది. గుంజింది. టక్ మని ఊడి వచ్చింది. చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, వీధిలో ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు, తిమ్మిరి వదిలిన పాదాల్లోకి సూదులు పొడుస్తున్నట్టు రక్తం దిగుతోంది. అరచేతిలో సీటు పడి ఉంది, బెల్టులు తెగిపోయి ఉన్నాయి, దిండు వెచ్చగా ఉంది. తన చేతి వేడేనేమో. భూతద్దం జరిపి అద్దంలోకి చూసింది, అందులో ఖాళీ పట్టాలు రెండు కనిపించాయి, ఎర్రది ఏమీ లేదు. ముందు గుంట మీద గాజుమూత అంటించి, అంటుకునేదాకా వేలితో అదిమి పట్టుకుంది. సుమన్ మొహం మీద వెలుగు పడి ఆ గాటు ఒక్కసారి మెరిసింది. వెనక మూత పెట్టలేదు.

"ఆకలైతున్నదత్తమ్మా" అంది. అత్త కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

లక్ష్మీకాంత్ వచ్చేసరికి నీరజ తలుపు వెనక మూట విప్పి చీర ఒళ్ళో పరుచుకుని ఉంది. ఆయన బూట్లు విప్పి, విమానాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, అబ్బా, అబ్బా అనుకుంటూ ముందు గుంటలోకి చాలాసేపు చూశాడు, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత వెనక గుంట చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి చెల్లెమ్మా, సీటే లేదు. వెనకాల మనిషిని కూర్చోబెట్టానన్నావు కదా, ఎవరిని పెట్టావసలు?"

నీరజ జిగురు చుక్క పెట్టి, దాని మీద రాయి పెట్టి, అది నిలిచేదాకా చూసింది.

"నేనేనన్నా" అంది. "దూకేసిన."